సబ్బు వాసన లేని వంగమడి

మా అమ్మ ఇప్పుడు వంకాయలు సంతలో కొంటుంది. ఒక్కొక్క కాయా తిప్పి చూసి, తొడిమ గిల్లి, పుచ్చు లేదని నమ్మకం కుదిరాకే సంచిలో వేసుకుంటుంది. పక్కన నిలబడ్డ నాకు ఒళ్లు మండుతుంది. అమ్మేవాళ్ల మీద కాదు, అమ్మ మీదా కాదు. ఒకప్పుడు ఆమె పెరట్లో కాసిన వంకాయలు తిని పెరిగినదాన్ని నేను. ఆ తోట ఎట్లా పోయిందో నాకు తెలుసు. పోగొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. చెప్పుకుంటే బరువు దిగుతుందని అంటారు. నాకేమీ ఆ నమ్మకం లేదు, అయినా చెప్తున్నాను.

మాది తనకల్లు దగ్గర ఒక ఊరు. చెనిక్కాయ విత్తి, మొగులుకేసి చూసి చూసి, చివరికి పశువుల మేతకు ఎండిన చెట్ల కట్టె మాత్రం ఇంటికి తెచ్చుకునే చేలు. మా నాయన చేను కూడా అంతే. దానితో పాటు ఆయనకు ఊర్లో ఇంకో పని ఉండేది. ఊరి బయట ట్యాంకు దగ్గర వాల్వు తిప్పి ఇళ్లకు నీళ్లు వదలడం. జీతం చెప్పుకునేంత కాదు, మర్యాద మాత్రం బోలెడు. మామూలు రోజుల్లో మూడు రోజులకోసారి నీళ్లు, ఎండాకాలమైతే ఐదారు రోజులకోసారి. అవి తాగడానికీ, వంటకీ, స్నానాలకే, మొక్కలకు కాదని నాయన చట్టం. ఒకసారి ఎవరో కొత్తిమీర మడికి కొళాయి నుంచి పైపు పెట్టాడని తెలిసి, నాయన ఆ ఇంటికి పోయి వీధి మొత్తం చూస్తుండగా ఆ పైపు కోసేశాడు.

"తాగే నీళ్లప్పా ఇవి! నీ కొత్తిమీర ఎండిపోతే ఊరేమీ సచ్చిపోదు" అని ఆ రోజు ఆయన వేసిన కేక మా ఇంటి దాకా వినిపించింది.

అట్లాంటి మనిషి పెళ్లాం మా అమ్మ. ఆమెకేమో మొక్కల పిచ్చి.

మా పెరడు గట్టిగా పది మంచాలు వేసేంత ఉండేది. మధ్యలో స్నానాల బండ. బండ నుంచి చిన్న కాలవలు తీసి, ఒకటి వంగమడికి, ఒకటి సొరపాదుకు, ఒకటి బీర పందిరికి, ఇంకోటి గోంగూర, చుక్కాకు, నాలుగు టమాట మొక్కలు ఉన్న మడికి మళ్లించింది అమ్మ. మేం స్నానం చేసే ముందు ఆమె పారతో వచ్చి, ఆ పూట ఎవరి నీళ్లు ఎటు పోవాలో తేల్చేది. సబ్బు రాసుకుంటే వంగమడికి మాత్రమే. ఆకుకూరకు నీళ్లు పోయే రోజు సబ్బు ముట్టుకోకూడదు, సున్నిపిండితో సరిపెట్టుకోవాలి. బడికి పోయేదాన్ని, నాకు ఏడుపొచ్చేది.

"అమ్మా, నా పక్కన ఎవరూ కూచోరు, సున్నిపిండి వాసనొస్తాండా!"

"చుక్కాకు పప్పు నాలుగు ముద్దలు తింటావు కదా, అప్పుడు రాదా ఏడుపు? నిలబడు ఈడ. ఆడ కాదు, ఈడ!"

అన్నాల దగ్గర మాత్రం ఇదంతా పెద్ద నవ్వులాట. సంగటి ముద్దలో గుంట చేసి అమ్మ వంకాయ పులుసు పోస్తుంటే నాకేసి చూసి, "ఇది నీ సబ్బుతో కాసింది లేమ్మా, అందుకే నున్నగా ఉండాది" అనేవాడు నాయన. సొరకాయ కూర రోజు, ఆ పాదుకు తన స్నానం నీళ్లే పోయాయని రెండు గంటెలు ఎక్కువ అడిగేవాడు. బీరపొట్టు కూడా పారేసేది కాదు అమ్మ, చెనిక్కాయలు వేసి పచ్చడి నూరేది. కోసిన అరగంటలో పొయ్యి మీదికి పోయిన కూరకు ఒక తియ్యదనం ఉంటుంది. అది తిన్న నోరు సంతకూరను కూర అనదు. బయట చేలల్లో పచ్చనిది ఒక్కటీ కనపడని ఎండాకాలంలో మా కంచంలో మాత్రం పచ్చగా ఉండేది. నాకు అదేమీ గొప్పగా అనిపించేది కాదు. అందరిళ్లలోనూ ఇంతే అనుకునేదాన్ని.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు వానలు పూర్తిగా మొండికేశాయి. ఎండాకాలం ముదిరింది. ముగ్గురి స్నానం నీళ్లు ఏ మూలకు? ఆ స్నానాలు కూడా రోజు విడిచి రోజైపోయాయి. బీర తీగ వాడింది. వంగ ఆకు ముడుచుకుంది. అమ్మ పొద్దున లేవగానే పెరట్లోకి పోయి నిలబడేది. పిలిస్తే పలికేది కాదు.

ఒక రోజు నీళ్లు వచ్చే పూట, నాయన ట్యాంకు దగ్గరికి పోయాక, నన్ను పిలిచింది. కొళాయి కింద నిండిన రెండు బిందెలు చూపించి, "ఈ రెండూ పెరట్లోకి పట్టు" అంది.

"నాయన సంపుతాడు మా!"

"మీ నాయన ట్యాంకు కాడుండాడు. నీళ్లు వచ్చినంతసేపు ఆడి నుంచి కదలడు. పట్టు."

అదీ మా దొంగతనం. ఆయన ఊరి బయట వాల్వు మీద చెయ్యేసి ఊరంతటికీ సమానంగా నీళ్లు వదులుతుంటే, ఆయన వదిలిన నీళ్లనే ఇక్కడ మేమిద్దరం చెంబులతో మొదళ్లకు పోసేవాళ్లం. రెండు బిందెలే, ఎప్పుడూ మూడోది లేదు. మేం తాగే వాటాలోంచి, వంట వాటాలోంచి తగ్గించినవే అవి. పోసిన వెంటనే తడి కనపడకుండా అమ్మ చెనిక్కాయ పొట్టు, ఎండుగడ్డి పరిచేది. దానిపైన పొడిమన్ను చల్లేది. తడిని దాచడానికి కప్పిన ఆ పొట్టే తేమను పట్టి ఉంచింది. తోట నెల తిరిగేసరికి లేచి కూర్చుంది. ముందుకంటే ఎక్కువ కాసింది.

అక్కడే అమ్మ తప్పు చేసింది. కాసింది కాసినట్టు మేమే తిని ఊరుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఆమె చెయ్యి ఊరుకోదే! పక్కింటి పెద్దమ్మకు గోడ మీంచి గోంగూర కట్ట, ఎదురింటికి నాలుగు వంకాయలు, బాలింత ఉన్న ఇంటికి లేత సొరకాయ. అందరి పెరళ్లూ బూడిదలా ఉన్న రోజుల్లో ఇట్లా పంచిపెడితే జనం ఏమనుకుంటారు? పెద్దమ్మ మా గోంగూరతో పచ్చడి నూరుకుని తిని, ఆ నోటితోనే రచ్చకట్ట దగ్గర అన్న మాట మా నాయన చెవిన పడింది.

"ట్యాంకు చేతిలో ఉన్నోళ్ల ఇంట్లో కాయక, మా ఇంట్లో కాస్తాయా సొరకాయలు?"

పైపు కోయించుకున్న కొత్తిమీర ఆయనకు ఇంతకంటే ఏం కావాలి? వాల్వు తిప్పి వస్తున్న నాయనకు ఎదురుపడి, "ఏమప్పా, మీ ఇంటికి వేరే లైను వేసుకుంటివంటనే!" అని నలుగురిలో నవ్వాడట.

నాయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా పెరట్లోకి పోయాడు. చాలాసేపు ఉన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర ఊదురుగొట్టం పట్టుకుని కూర్చుంది, ఊదడం లేదు. ఆయన వచ్చి అమ్మను ఏమీ అడగలేదు. గడపలో చదువుకుంటున్న నా ముందు కూర్చున్నాడు.

"పాపా, నిజం చెప్పు. మొక్కలకు కొళాయి నీళ్లు పోస్తాండారా?"

"లేదు నాయనా. స్నానం నీళ్లే. గిన్నెలు కడిగిన నీళ్లే."

"ఒట్టేనా?"

"ఒట్టు నాయనా."

అమ్మకు దెబ్బలు పడతాయేమో అని కాదు. మా నాయన కొట్టే మనిషి కాదు. కానీ ఆయన ఊరందరికీ చెప్పే మాటను మా ఇంట్లోనే తప్పామని తెలిస్తే తోట పీకేయిస్తాడని నా భయం. ఆ తోట పోతే అమ్మ ఏమైపోతుందో అని భయం. ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, "సరే" అన్నాడు. బతికిపోయాం అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని!

మర్నాడు టీ అంగడి దగ్గర నాయన గొంతెత్తి చెప్పాడు. మా పెరటి కింద జల ఉండాదని, లేకుంటే ఈ ఎండకు తోట పచ్చగా ఎట్లా ఉంటుందని. మా వైపు జనానికి ఈ మాట చెప్తే చాలు. ఎక్కడ పచ్చని గడ్డిపోచ కనపడినా కింద నీళ్లున్నాయని బోరు వేయించే నేల ఇది. అప్పటిదాకా నవ్వినవాళ్లే, "అట్లయితే బోరు ఏపించు అన్నా, వీధంతా బతుకుతాది" అని ఎగదోశారు. మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు నాయన.

నీళ్లు చూసే ఆయన్ను కదిరి నుంచి పిలిపించారు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని పెరడంతా తిరిగాడు. సరిగ్గా వంగమడి మధ్యలో టెంకాయ నిట్టనిలువుగా లేచింది. చూడటానికి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. నాయన అమ్మ వైపు తిరిగి అందరూ వినేటట్టు అన్నాడు:

"ఊర్లో ఎవురికీ దొరకని జల నా పెళ్లాం చేతికి దొరికినాది!"

పదిహేనేళ్ల కాపురంలో ఆయన అమ్మను నలుగురిలో పొగడడం నేను చూసింది ఆ ఒక్కసారే. అమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ సిగ్గు అనుకున్నారు. ఆమె నా వైపు చూసిన చూపు నాకు ఒక్కదానికే తెలుసు.

ఇంట్లో ఉన్న ఒక్క పాడిఆవునూ అమ్మి బోరుబండికి మాట్లాడాడు నాయన. బండి వచ్చే ముందు రోజు సాయంత్రం అమ్మ గంప తీసుకుని పెరట్లోకి దిగింది. కాయ, పిందె, పువ్వు అని చూడలేదు. అంతా కోసింది. వేలెడంత లేని వంకాయ పిందెలు, గోలీలంత పచ్చి టమాటలు, ముదరని బీరకాయలు, సొర పూలు కూడా. మడిలో గోంగూర మొదళ్లతో సహా లాగేసింది. నేను వెనకే తిరుగుతూ ఏడ్చాను.

"అమ్మా, చెప్పేద్దాం మా. నాయనకు చెప్పేద్దాం."

"ఇప్పుడు చెప్తే ఆయన ఊర్లో తల ఎత్తుకోగలడా? ఊరుకో పాపా." ఇంకో పిందె తుంచి తనలో తాను అన్నట్టు అంది. "ఏమో, పడినా పడొచ్చు నీళ్లు."

అబద్ధమని తెలిసినా ఆమెకు కూడా ఆశ పుట్టింది. ఈ నేల మీద పుట్టినవాళ్లకు ఆ జబ్బు వదలదు.

ఆ సాయంత్రం వంట అమ్మ జీవితంలో చేసినవాటిలోకెల్లా పెద్దది. పిందె వంకాయలు నూనెలో వేయించి కారం పెట్టింది. పచ్చి టమాటల పప్పు, బీరకాయ కూర, గోంగూర పచ్చడి, సొర పూలు శనగపిండిలో ముంచి బజ్జీలు. పెళ్లిలో కూడా అన్ని రకాలు మా కంచాల్లో పడలేదు. నాయన ఎంతో ఇష్టంగా తిన్నాడు. "బోరు పడితే రోజూ ఇట్లనే తినొచ్చు మే!" అన్నాడు. అమ్మ వడ్డిస్తూనే ఉంది.  ఆ పిందెల్లో ఒక్కదాన్ని కూడా ఇంకో పది రోజులు బతకనివ్వలేదని నాకు కోపం వచ్చింది. ఎవరి మీద? నా మీదే.

బోరుబండి లోపలికి రావడానికి పెరటి గోడ పడగొట్టారు. బండి చక్రాలు బీర పందిరి మీంచి, ఆకుమడి మీంచి పోయి వంగమడిలో ఆగాయి. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాటేదాకా తొలిచారు. తడి కాదు కదా, చెమ్మ కూడా రాలేదు. తెల్లటి రాతిపిండి లేచింది, అంతే. "ఇంకొంచెం పోనీప్పా, ఇంకొంచెం" అని నాయన బతిమాలుతూనే ఉన్నాడు. ఇక లాభం లేదని వాళ్లు గొట్టాలు విప్పుకునేసరికి స్నానాల బండ, కాలవలు, మిగిలిన సొరపాదు, నాయన తల, అన్నీ ఒకటే తెలుపు. అమ్మ వాకిట్లో కూర్చుని ఆ దుమ్మునే చూస్తూ ఉంది.

ఇక వింత చూడండి. బోరు ఎండిన ఇంటికి మా వైపు జనం పలకరింపుకు వస్తారు. వచ్చారు. "మా చేన్లో మూడు ఏపిస్తి, ఒక్కటీ పడలే అన్నా" అని కొత్తిమీర ఆయన మా నాయన భుజం మీద చెయ్యేశాడు. పక్కింటి పెద్దమ్మ చెంబుడు మజ్జిగ తెచ్చింది. బోరు ఎండినవాణ్ణి దొంగ అని ఎవరంటారు? నాయన పరువు నిలబడింది. ఆ తర్వాత ఎవరూ మా మీద ఒక్క మాట అనలేదు. మేం నిజంగా దొంగలమై ఉండి కూడా.

తర్వాత నీళ్లు వచ్చిన రోజు అలవాటు కొద్దీ రెండు బిందెలు పక్కన పెట్టాను. పోయడానికి ఏమీ లేదు. సాయంత్రానికి అమ్మ వాటిని తీసుకుని తొట్టిలో కుమ్మరించింది. "అబద్ధం పోసి పెంచినా పాపా. అందుకే నిలవలే" అని ఒక్క మాటే అంది. అంతే, ఆ చెయ్యి మళ్లీ మన్ను ముట్టలేదు. ఆ పైన వానలు బాగా పడిన ఏళ్లు కూడా వచ్చాయి. పక్కింట్లో చిక్కుళ్లు విరగకాశాయి. మా ఇంట్లో స్నానం నీళ్లు తూము గుండా వీధిలోకి పోయాయి. కంచంలోకి సంతకూర వచ్చింది. అన్నాల దగ్గర ఎవరి సబ్బు అన్న మాట ఎవరూ ఎత్తలేదు. నాయన మాత్రం బోరు గొట్టం మీద బండరాయి పెట్టి, ఇంటికి ఎవరొచ్చినా, "రెండు మూరలు ఇవతల ఏసింటే పడిండేది" అనేవాడు. అమ్మ లేచి లోపలికి పోయేది.

నా పెళ్లయి గుంతకల్లు వచ్చాను. మా ఆయన రైల్వేలో ఉద్యోగం. క్వార్టర్సులో ఎప్పుడు కొళాయి తిప్పినా నీళ్లు. మొదట్లో కొన్నేళ్లు నేను కూడా ఏ మొక్కా పెట్టలేదు. ఈ మధ్యనే, పట్టలేక, వెనక ఉన్న కాస్త జాగాలో నాలుగు వంగ మొక్కలు నాటాను. కాశాయి. మొన్న అమ్మా నాయనా వచ్చినప్పుడు, మొదటి కాపు కోసి, అమ్మ చేసినట్టే పులుసు చేసి, సంగటి కెలికాను. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. మేం ముగ్గురమే, మళ్లీ అప్పటి మాదిరే.

నాయన ఒక ముద్ద తిని, "కాయ బాగుండాది పాపా" అన్నాడు. కాసేపటికి మళ్లీ మొదలుపెట్టాడు. "ఆ పొద్దు రెండు మూరలు ఇవతల..."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఇన్నేళ్లు మింగిందంతా నోటికొచ్చేసింది.

"నాయనా, ఆడ జల లేదు, గిల లేదు! మేం కొళాయి నీళ్లు పోసినాం. నీళ్లొచ్చిన పొద్దల్లా రెండు బిందెలు. నీకు నేను అబద్ధం చెప్పినా."

అమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. నాయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"తెలుసు లేమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆ పొద్దు పెరట్లోకి పోయి పొట్టు ఎత్తి చూసినా. మీ సబ్బు నీళ్లు పారాల్సిన వంగమడి మన్ను పిడికెడు తీసి వాసన చూసినా. సబ్బు వాసన లేదు."

 నేను అరిచాను. "తెలిసి బోరెందుకు ఏపిస్తివి నాయనా?"

"నువ్వు ఒట్టు పెడితివి కదమ్మా. మీయమ్మను దొంగ అనేదానికి నాకు నోరు రాలే. ఊరికి జవాబు చెప్పాల కదా. జల ఉండాది అంటి. టెంకాయ కూడా లేసింది." ఆయన గొంతు తగ్గింది. "నిజంగానే పడితే బాగుండు అనుకుంటి. పడింటే మీరు చెప్పింది నిజమైపోయిండేది."

తప్పు దిద్దుకున్న మనిషిలా చెప్పాడు. ఆ మాటకు జాలి పడాలో, కంచం విసిరి కొట్టాలో నాకు తెలియలేదు. తెలిసే ఆ తోట మీదికి బండిని తోలాడు. తెలిసే ఆ పిందెల కూర లొట్టలు వేసుకుంటూ తిన్నాడు. తెలిసే ఇన్నేళ్లు రెండు మూరలు, రెండు మూరలు అని చెప్పుకు తిరిగాడు.

అమ్మ గంటె కింద పెట్టింది.

"నా అబద్ధానికే తోట సచ్చిపోయినాదని ఇన్నేండ్లు ఒక్క గింజ నాటలే నేను" అంది. గొంతు పెంచలేదు. "నువ్వు చూస్తానే ఉంటివి."

నాయన తల ఎత్తలేదు. "తిను మే, సల్లారిపోతాది" అన్నాడు.

అమ్మ లేచి వెనక్కి పోయింది. కొళాయికి ఉన్న పైపు లాగి, వంగ మొక్కల మొదట్లో పడేసి, కొళాయి పూర్తిగా తిప్పింది. మడి నిండింది. నీళ్లు గట్టు తెగి మెట్ల మీదికి, మెట్ల మీంచి సందులోకి పారాయి. అమ్మ పక్కన నిలబడి చూస్తూ ఉంది. నాయన ఎంగిలి చేత్తోనే లేచి వచ్చి గడపలో నిలబడ్డాడు. బతుకంతా చుక్క చుక్కకూ ఊరితో కొట్లాడిన మనిషి. కొళాయి కట్టెయ్యమని ఆయన అనలేదు. నేనూ కట్టలేదు.